తెల్లది నాకు, పచ్చది నీకు

మా వైపు మనుషులకు ఏం జబ్బు చేసినా దాని పేరు గ్యాసే. ఛాతీలో పట్టేసినా గ్యాసే, తల నొచ్చినా గ్యాసే, కోడలి మీద కోపంతో అన్నం మానేసినా గ్యాసే. హిందూపురంలో నేను జాకెట్లు కుట్టే కొట్టుకు వచ్చే ఆడవాళ్ళు కొలతలు ఇస్తూ, "నడుము కాడ రోంత వదులు పెట్టమ్మా, నాకు గ్యాస్ ఉండాది" అంటారు. ఒకప్పుడు నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. టేపు పక్కన పడేసి, "ఎవరికి చూపిచ్చుకున్యావక్కా? గ్యాసని ఎవరు చెప్పినారు?" అని తగులుకుంటాను. ఈమెకెందుకు ఇంత కోపం అన్నట్టు చూసి వెళ్ళిపోతారు. గిరాకీ పోతే పోనీ అనుకుంటాను.

ఆ ఒక్క మాట మా అమ్మానాయనల మధ్యకు వచ్చి, ఒక మనిషి కలిపి మింగాల్సిన రెండు మాత్రలను ఇద్దరికి చెరొకటిగా పంచిపెట్టింది. దానివల్ల మా నాయన ప్రాణం పోవాల్సింది. ఆఖరి గడియలో ఆగింది. అంతటితో ఆ మాట మా ఇల్లు విడిచిందనుకున్నాం కానీ, అది విడవలేదు.

నాయనది ధర్మవరంలో గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, ముందుకు వంగి, పొద్దంతా పట్టుచీర నేసే పని. పెళ్ళిళ్ళ కాలంలో అయితే అన్నానికి కూడా సరిగ్గా లేచేవాడు కాదు. అమ్మ పక్కనే రాట్నం ముందు కూర్చుని దారం కండెలకు చుట్టి ఇచ్చేది. ఆ నడుము మాత్రం ఎన్నేళ్ళని ఓర్చుకుంటుంది? ఒక ఏడాది వానలు పట్టుకున్నప్పుడు గుంటంతా చెమ్మగిల్లి, నాయనకు నడుము పట్టేసింది. అమ్మా నేనూ చంకల కింద చేతులు వేసి పైకి లేపాల్సి వచ్చింది. ఆ వారం నేను పుట్టింట్లోనే ఉన్నాను కాబట్టి జరిగిందంతా నా కళ్ళముందే జరిగింది.

వీధి చివర మెడికల్ షాపులో అడిగితే రెండు రకాల మాత్రలు ఇచ్చారు. ఒకటి తెల్లది, ఒకటి పసుపుపచ్చది. "తెల్లది నొప్పికి, పచ్చది గ్యాస్‌కి" అని చెప్పారట. అంతకుమించి వాళ్ళు చెప్పలేదు, నాయన అడగలేదు. ఇంటికి వచ్చి పొట్లం విప్పి, పచ్చ మాత్రను వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పి చూశాడు.

"నాకేం గ్యాస్ ఉండాది? నాది నడుము నొప్పి కదా. రాళ్ళు తిన్యా అరిగిపోతాది నాకు" అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "మంట మంట అని ఏడ్చేది నువ్వు కదే. ఇందా, ఇది నువ్వేసుకో."

అది నిజమే. అమ్మకు ఛాతీ కింద మంట అప్పటికే ఉండేది. టీ తాగితే మంట, కారం తింటే మంట, ఏమీ తినకపోయినా మంట. మజ్జిగ తాగేది, వాము నమిలేది, పొట్ట మీద తడిగుడ్డ వేసుకుని పడుకునేది. వాటివేటికీ లొంగని మంట ఆ పచ్చ మాత్రకు లొంగింది. రెండు రోజులు వేసుకున్నాక రాట్నం తిప్పుతూ, "ఏం మాత్రయా ఇది! నీళ్ళు పోసినట్ల సల్లగా అయిపాయ" అంది. నాయన నడుము కూడా తెల్లదానికి వదులైంది. వచ్చిన రెండు మాత్రలూ ఇద్దరికీ పనిచేశాయి. ఇంట్లో ఏదీ వృథా కాలేదని ఇద్దరూ మురిసిపోయారు.

అప్పటి నుంచి అది ఒక పద్ధతి అయిపోయింది. పొద్దున్నే మగ్గంలోకి దిగే ముందు నాయన పోగులు కత్తిరించే చిన్న కత్తెరతో మాత్రల అట్టలను ఒక్కో ముక్కగా కత్తిరించేవాడు. అమ్మ వచ్చి చెయ్యి చాచేది. "తెల్లది నాకు, పచ్చది నీకు" అని ఆ అరచేతిలో పెట్టేవాడు. నాయన అమ్మకు ఏనాడూ మూర పూలు తెచ్చిన మనిషి కాదు. ఆయన చేతుల మీదుగా పోయిన పట్టుచీరల్లో ఒక్కటీ ఆమె ఒంటి మీదికి రాలేదు. అన్నీ షావుకారు కొట్టుకే. అలాంటి మనిషి తన వాటా లోంచి తీసి రోజూ ఆమె చేతిలో ఏదో పెడుతున్నాడంటే చూసేవాళ్ళకు ముచ్చటగానే ఉంటుంది. "మీ అమ్మానాయన దినామూ తాంబూలాలు మార్చుకుంటారే" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

మాత్రలు అయిపోతే నాయన షాపుకు పోయి, "రెండూ ఇయ్యప్పా" అనేవాడు. వాళ్ళు రెండూ ఇచ్చేవాళ్ళు. ఇల్లు చేరాక ఆ రెండూ వేరుపడతాయని వాళ్ళకేం తెలుసు?

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఆ తర్వాత నాయన ముఖంలో రంగు తగ్గడం మొదలైంది. మగ్గం గుంటలోంచి లేచి, గట్టు మీద కూర్చుని, ఊపిరి కూడదీసుకుని గానీ నిలబడేవాడు కాదు. పోగుల మధ్య నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడులో జోరు పోయింది. ఫోన్‌లో అడిగితే, "వయసు పాపా, ఇంగేముండాది" అనేవాడు. గోళ్ళు పాలిపోయాయి. పెదాలు కూడా. కూర్చుని చేసే పని, ఎండ తగలని మనిషి, అట్లే ఉంటాడని ఇరుగుపొరుగు అన్నారు.

ఒకరోజు అమ్మ ఫోన్ చేసి, నవ్వుతూ ఒక మాట చెప్పింది. "మీ నాయనకు దొడ్డికి నల్లగా పోతాందంట మ్మే, తారు మాదిరి. ఈ తూరి రాగులు నల్లవి వచ్చినాయి, సంగటి తిని అట్ల అయితాందని అంటాడు."

"నువ్వూ అదే సంగటి తింటాండావు కదా, నీకట్ల ల్యా?"

"నేను సంగటి యాడ తింటాండా! రెండు ముద్దలకే కడుపు నిండిపోతాది."

ఆ ఒక్క ఫోన్‌లో ఇద్దరి జబ్బులూ ఉన్నాయి. ఆ పూట నాకు అవి పుట్టింటి కబుర్లు మాత్రమే. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఫోన్ పెట్టేశాను.

ఆ కాలంలోనే అమ్మ జాకెట్లు మళ్ళీ మళ్ళీ నా దగ్గరికి వచ్చేవి. "వదులైపోతాండాయి, రోంత బిగించు" అనేది. నేను పక్క కుట్లు విప్పి, గుడ్డ లోపలికి మడిచి, కొత్త కుట్టు వేసి ఇచ్చేదాన్ని. కొంతకాలానికి మళ్ళీ అదే జాకెట్టు వచ్చేది. మడిచిన గుడ్డ లోపల వేళ్ళకు దళసరిగా తగిలేది. ధర్మవరంలో వాళ్ళ వీధి ఆడవాళ్ళు అమ్మను చూసి, ఏం తింటున్నావమ్మా, పెళ్ళికూతురు మాదిరి నాజూగ్గా అయిపోయావని మెచ్చుకునేవాళ్ళు. అమ్మకు అది బాగా నచ్చింది.

పెనుకొండలో మా మేనత్త, అంటే నాయన చెల్లెలు, మేడ కట్టుకుంది. గృహప్రవేశానికి అమ్మానాయన ధర్మవరం నుంచి రైల్లో వచ్చారు, మేము హిందూపురం నుంచి బస్సులో వెళ్ళాం. ఎండ అప్పుడే కొండ రాళ్ళ మీదికి ఎక్కింది. పాలు పొంగించారు, హోమం అయింది, వంటవాళ్ళు వెనక పెరట్లో గుండిగలు దించుతున్నారు. చెల్లెలు కట్టుకున్న పైగది చూసి తీరాలని నాయన మెట్లెక్కాడు. గోడ పట్టుకుని ఎక్కుతున్నాడు. వెనకే ఉన్న నాకు ఆయన మడమలు కనబడుతున్నాయి. మైనం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. పై మెట్టు మీద ఆగి, కళ్ళు తిరుగుతున్నాయని చెప్పబోయి, అక్కడే గొంతుక్కూర్చుని భళ్ళున కక్కుకున్నాడు.

కొత్త సున్నం గోడ మీద పడిన ఆ వాంతి రంగు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. అడుగున మిగిలిన కాఫీపొడి నీళ్ళలా నల్లగా, పలుకులు పలుకులుగా ఉంది.

జనం మూగారు. "గ్యాసు! పొద్దున్నుంచి ఏం తినల్యా కదా, పైకి తన్నింటాది" అన్నారు ఒకరు. "సోడా తెప్పియ్యండబ్బా" అన్నారు ఇంకొకరు. అత్త వీపు రుద్దుతోంది. ఎవరో జీలకర్ర నీళ్ళు తెచ్చారు. ఒక పెద్దాయన నవ్వుతూ, "ఏం కాదులేమ్మా, నాకూ ఇట్లే అయ్యింటే ఒక్క తేపుతో పోయింది" అని ధైర్యం చెప్పాడు. ఫ్యాను కింద చాప వేసి పడుకోబెడితే భోజనాల వేళకు లేస్తాడని అందరూ తీర్మానించారు.

నాకు కోపం ముంచుకొచ్చింది. "మా నాయన పుట్టి బుద్ధెరిగి కాఫీ తాగిండే మనిషి కాదు. కాఫీ రంగులో ఎట్ల కక్కుకుంటాడు? చెప్పండి!" అని అరిచాను. శుభకార్యంలో అలా అరవకూడదని అత్త కళ్ళతో వారించింది. నేను వినలేదు. మా ఆయన బంధువుల కారు ఒకటి మాట్లాడి తెచ్చాడు. మాకు తెలిసిన ఆసుపత్రి హిందూపురంలో ఉంది కాబట్టి అక్కడికే బయల్దేరాం.

కారులో నాయన తల అమ్మ ఒళ్ళో ఉంది. చేతులు చల్లగా, చెమటతో జారిపోతున్నాయి. పెనుకొండ దాటాక కళ్ళు తెరిచి, "మే... ఈ పొద్దు నాకూ గ్యాసే అయ్యింటాది. నీదాంట్లోది ఒకటి ఇయ్యే" అన్నాడు.

పూజ ఉందని ఆ పొద్దు అమ్మ తన మాత్ర ఇంకా వేసుకోలేదు. కొంగు ముడి విప్పి, అందులో ఉన్న పచ్చ మాత్రను తీసి ఆయన నాలుక మీద పెట్టింది. అన్నేళ్ళలో మొదటిసారి అది ఆయన నోట్లోకి పోయింది. అప్పటికి ఒక్క మాత్రతో ఆగే స్థితి దాటిపోయింది. ముందు సీట్లో కూర్చున్న నాకు, ఆయన్ను ఆసుపత్రికి కాకుండా, ప్రాణం లేకుండా ధర్మవరానికి, ఆయన మగ్గం దగ్గరికి తీసుకుపోవాల్సి వస్తుందేమోనని భయం పట్టుకుంది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక రోడ్డునే చూస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నాయన పంచె మీది మరకను చూసింది, కింది కనురెప్ప లాగి చూసింది. "దొడ్డికి నల్లగా పోతాందా?" అని అడిగింది.

"రాగి సంగటమ్మా, దానికే అట్ల" అంది అమ్మ.

"సంగటి కాదమ్మా, అది రక్తం. కడుపులో కారే రక్తం కిందికొచ్చేసరికి నల్లగా అయితాది. శానా దినాలుగా కారుతాండాది. ఏం మాత్రలు వాడతాండాడు?"

అమ్మ సంచిలోంచి కత్తిరించిన అట్టముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ వాటిని చూసి కొంచెం ఊరటపడినట్టు, "పచ్చదీ ఉండాది కదా. రెండూ ఏసుకుంటాండాడు కదా?" అంది.

"లేదమ్మా. తెల్లది ఆయన, పచ్చది నేను."

"అట్లెందుకు?"

"ఆయనకు గ్యాస్ ల్యా కదమ్మా" అంది అమ్మ, ఇంత చిన్న విషయం డాక్టరుకు తెలియదా అన్నట్టు.

డాక్టరమ్మ నర్సుకు చకచకా మందులు చెప్పి, నాయనను లోపలికి పంపించి, తర్వాత మా వైపు తిరిగింది. "దీనికి గ్యాస్ మాత్రని పేరు పెట్టిన పుణ్యాత్ములు ఎవరో గానీ, ఇది గ్యాస్‌కి కాదమ్మా. అన్నం అరగడానికి కడుపులో ఆమ్లం ఊరుతాది. శానా పదునైంది అది. కడుపును కూడా తినేస్తాది, లోపల పొర అడ్డం ఉండాది కాబట్టి ఆగుతాది. మీ ఆయన మింగిన తెల్ల మాత్ర నడుము నొప్పి తీసేసింది, ఆ పొరనూ పల్చన చేసింది. పొర పల్చనైనప్పుడు ఆమ్లం తగ్గిచ్చాల కదా, దానికి ఈ పచ్చది. ఆయనకు దీన్ని ఇచ్చింది గ్యాస్ ఉండాదని కాదు, తెల్లది మింగుతాండాడని."

"మరి కడుపులో పుండు పడితే నొప్పి తెలియాల కదా మేడం?" అన్నాను.

"నొప్పి తెలీకుండా చేసేదే కదమ్మా ఆ తెల్లది."

అమ్మ గోడకు ఆనుకుంది. "నేను మింగిందంతా ఆయనదా?" అని నన్ను అడిగింది. నేను ఆమెను పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాను.

నాయనకు రక్తం ఎక్కించారు. నోట్లోంచి గొట్టం వేసి లోపల కెమెరాతో చూశారు. డాక్టరమ్మ నన్నూ మా ఆయన్నూ పిలిచి తెర మీద చూపించింది. ఎర్రటి గోడలో ఒక గుంట, దాని నడుమ నల్లటి చుక్క. "ఈడి నుంచే కారుతాండాది" అని చెప్పి, చిన్న క్లిప్పు వేసి దాన్ని మూసింది. తర్వాత ఒక మందును సూదితో నరంలోకి ఆగకుండా ఎక్కించారు. అదేం మందని నర్సును అడిగాను. "పాంటొప్రజోల్ అక్కా. గ్యాస్ ఇంజెక్షన్" అంది.

ఆ పిల్ల మీద అరిచేశాను. పాపం, అందరూ అనేదే ఆమే అంది. అమ్మ ఇన్నేళ్ళు మింగిన పచ్చ మాత్రలోని మందే అది. ఆలస్యంగానైనా నాయన వాటా ఆయన ఒంట్లోకే ఎక్కుతోందని తర్వాత తెలిసింది.

కొద్ది రోజులకు నాయన పెదాలకు రంగు వచ్చింది. లేచి కూర్చుని, ఈ ఆసుపత్రి గంజి నా వల్ల కాదు, సంగటి తెప్పించండి అన్నాడు. ఆ పూట మేమంతా నవ్వాం. చాలాకాలం తర్వాత నాకు ఊపిరి తేలికగా ఆడింది. అప్పుడే డాక్టరమ్మ చూసిపోవడానికి వచ్చింది. నాయనను చూసి సంతోషించి, వెళ్ళబోతూ అమ్మ ముందున్న ఇడ్లీ పొట్లం వైపు చూసి ఆగింది.

"సగం ఇడ్లీకే ఆపేసినారేమమ్మా?"

"నిండిపోయింది మేడం."

"దినామూ ఇంతేనా?"

"ఈ మధ్య ఇంతే."

"ఆ పచ్చ మాత్ర ఎన్నాళ్ళ నుంచి ఏసుకుంటాండారు?"

"శానా ఏళ్ళాయ. మొదట్లో ఒకటి ఏసుకుంటే రెండు మూడు దినాలు మంట తెలిసేది కాదు. ఇప్పుడు ఒక్క పొద్దు మానినా పైకి వస్తాది" అంది అమ్మ. పనిలో పనిగా, "మంచి మాత్ర మేడం" అని కూడా అంది.

"మంచిదే. పుండు మాన్పుతాది, పులుపు గొంతులోకి తన్నకుండా చేస్తాది. మంట ఎందుకు వస్తాందో మాత్రం దానికి తెలీదు కదమ్మా. దాన్ని మనం చూసుకోవాల." ఆమె అమ్మ భుజం మీద చెయ్యి వేసి, మెడ దగ్గర ఎముకలను చూస్తూ, "చిక్కినారా?" అని మెల్లగా అడిగింది.

అమ్మ నవ్వింది. "నా బిడ్డ టైలరు కదా, దాన్నే అడగండి. నా జాకెట్లకు కుట్లు వేసి వేసి దానికి విసుగొచ్చింటాది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నా వేళ్ళకు ఆ మడిచిన గుడ్డ దళసరి గుర్తొచ్చింది. ఒక్కొక్క మడతా గుర్తొచ్చింది. అవునని తల ఊపాను.

మరుసటి రోజు అమ్మను అదే గదిలోకి తీసుకెళ్ళారు. అదే గొట్టం, అదే తెర. నాయన మంచం మీద కూర్చుని తలుపు వైపే చూస్తున్నాడు. నాయన పుండును మాకు పిలిచి చూపించిన డాక్టరమ్మ ఈసారి మమ్మల్ని లోపలికి పిలవలేదు. తలుపు బయట నిలబడి, ఎప్పుడు పిలుస్తుందా అని చూశాను. పిలవకుండానే బయటికి వచ్చి, ముక్క తీసి పరీక్షకు పంపుతున్నామంది. నాకు అప్పుడే అర్థమైపోయింది.

ఆ తర్వాత బెంగళూరు వెళ్ళాం. అక్కడ ఇంకా పరీక్షలు చేశారు. తిరిగి వచ్చాక మా హిందూపురం డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, నన్నూ నాయననూ కూర్చోబెట్టి చెప్పింది. కడుపులో మొదలైన గడ్డ కాలేయం దాకా పోయిందట. మంటను మాత్ర అణిచిపెట్టినన్నాళ్ళూ లోపల అది పెరుగుతూనే ఉందట. "ఇంకా ముందే..." అని మొదలుపెట్టి, నాయన ముఖం చూసి ఆపేసింది. ఆమె చాలాసేపు మాట్లాడింది. ఆ గదిలో ఎవ్వరమూ గ్యాస్ అనే మాట ఎత్తలేదు.

అమ్మకు పుండు అని మాత్రమే చెప్పాం. నీకూ నాకూ ఒకటే జబ్బు వచ్చిందే అని నాయన చెప్పాడు. ఆమె నమ్మింది.

ఇప్పుడు ఇద్దరూ హిందూపురంలో మా ఇంట్లోనే ఉన్నారు. ధర్మవరంలో మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది. నాయనకు తెల్ల మాత్ర మాన్పించారు. పుండు పూర్తిగా మానేదాకా పచ్చది మాత్రం పరగడుపున తప్పకుండా వేసుకోవాలన్నారు. అమ్మకు బెంగళూరు వాళ్ళు రాసిన మందులు వేరే ఉన్నాయి. వాటిని నేనే తీసి ఇస్తాను.

నిన్న పొద్దున నాయన కత్తెర తెచ్చుకుని, అలవాటుగా అట్ట కత్తిరించి, పచ్చ మాత్రను అరచేతిలోకి తీసుకున్నాడు. పక్కనే కూర్చున్న అమ్మ చెయ్యి చాచింది. నేను కుట్టిన జాకెట్టు చెయ్యి ఆమె మోచేతి మీద వేలాడుతోంది.

నాయన పిడికిలి మూసేశాడు.

"ఏమయా, ఇన్నేళ్ళు ఇచ్చి ఇప్పుడు పిసినారివైపోయినావా?" అని అమ్మ నవ్వింది. "పచ్చది నాది కదా."

నాయన పిడికిలి తెరవలేదు, మాత్రను నోట్లోనూ వేసుకోలేదు. తల వంచుకుని, భుజాలు కదిలిపోతుంటే ఏడుస్తూ కూర్చున్నాడు. ఎందుకు ఏడుస్తున్నాడో అర్థం కాక అమ్మ నా వైపు చూసింది, చెయ్యి మాత్రం ఇంకా చాచే ఉంది.